నాలుగో పేరా

"మీరు ఇంటికి వెళ్లొచ్చమ్మా. నాలుగో పేరాలో ఉంది."

గోడకు అంటించిన నోటీసు మీద వేలు పెట్టి చూపించాడతను.

దర్జీ ఆవిడ నోటీసు వంక చూడలేదు. రెండడుగులు వెనక్కి జరిగింది.

కుట్టిన బడి బట్టలు ఇచ్చి రావడానికి వంతెన దాటి వచ్చిందామె. పని ముగించుకుని వచ్చేసరికి గేటు పడింది. ఎక్కడో అల్లర్లట. కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వట. చెక్‌పోస్టులో ఉన్నవాళ్లు అటు వెళ్లకూడదు, ఇటు కదలకూడదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఈ రేకుల షెడ్డులో ఇది మూడో రోజు. ఫోన్లు మూగబోయాయి. ఇంట్లో అత్తగారి ఒళ్లో చంటిపిల్ల. సీసా పాలు నోట పెట్టని పిల్ల.

చెక్‌పోస్టు ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్లి ఎంత ఏడ్చినా లోపలి గుమస్తాది ఒకటే మాట: "రూల్స్ ఒప్పుకోవు."

ఆ నోటీసు చూస్తే చదువుకున్నవాళ్లకే కొరుకుడు పడలేదు. 'స్తన్యపానావలంబిత శిశువుల మాతృమూర్తులకు పై నిషేధాజ్ఞ వర్తింపజాలదు.'

"ఇది మన భాషేనా?" అని నెత్తి కొట్టుకున్నాడు లారీ డ్రైవరు.

"పాలు తాగే బిడ్డలున్న తల్లుల్ని ఆపకూడదని అర్థం" అన్నాడు నోటీసు చూపించినతను.

షెడ్డులో అతనికి 'ప్లీడరు' అని పేరు పెట్టారు. పొద్దస్తమానం ఆ గోడ దగ్గరే. అడిగినా అడక్కపోయినా ప్రతివాళ్లకూ విడమరిచి చెబుతాడు.

"అతని మాట వినకు చెల్లెమ్మా" డ్రైవరు గొంతు తగ్గించాడు. "నిన్న గుండె జబ్బు పెద్దాయన్ని ఇలాగే కిటికీ దగ్గరికి పంపాడు. లోపలికి పిలిచారు. మళ్లీ కనిపించాడా? ఆ నిండు చూలాలు కనిపించిందా?"

"ఏమయ్యారంటావు అన్నా?"

"ఏమవుతారు? లోపల వేసుంటారు. వీడు సర్కారు మనిషి. ఒక్కొక్కళ్లనీ ఏరి అప్పగిస్తున్నాడు."

ఆమె కిటికీకి ఇంకాస్త దూరంగా జరిగింది.

ప్లీడరు మళ్లీ వచ్చాడు. "ఆలస్యం చేయకండమ్మా, పసిబిడ్డ..."

"నా బిడ్డ సంగతి మీకెందుకు? మీ ఉద్యోగం మీరు చేసుకోండి. నా కొంప ముంచకండి!"

షెడ్డంతా ఇటు తిరిగింది. అతని మొహం చిన్నబోయింది.

"వాళ్లంతా ఇళ్లకే వెళ్లారమ్మా" అన్నాడు మెల్లగా.

"అంత మంచి దారైతే ముందు మీరే వెళ్లండి!"

అతను వెనుదిరిగాడు. గోడ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

మధ్యాహ్నానికి రేకులు సెగలు కక్కాయి. పాలు గడ్డకట్టి గుండెలు రాళ్లయ్యాయి. రవిక తడిసి, కొంగు తడిసింది. పిల్ల ఏడుపు చెవుల్లోనే వినిపిస్తోంది.

ఇక ఉండలేకపోయింది. జైల్లో వేస్తే వేయనీ అనుకుని లేచింది.

"ఏం చెప్పమంటారు?" ప్లీడరును అడిగింది, మొహం చూడకుండానే.

"ఏడవొద్దు. బతిమాలొద్దు. 'నాలుగో పేరా నాకు వర్తిస్తుంది' అనండి. అంతే."

కిటికీ దగ్గరికి వెళ్లి ఆ మాటే అంది.

గుమస్తా తలెత్తాడు. ఆమె తడిసిన కొంగు వైపు చూసి చప్పున కళ్లు దించుకున్నాడు. కాగితం మీద ముద్ర వేశాడు.

"లోపలికి రా."

చీకటి నడవా. ముందు కాపలా మనిషి, వెనక ఆమె. చివర ఇనుప తలుపు. అతను గడియ లాగాడు.

ఎదురుగా వంతెన! నది గాలి మొహానికి కొట్టింది.

ఆమె గడప దాటగానే అతనూ బయటికి వచ్చి తలుపుకు తాళం వేశాడు.

పరుగెత్తబోయి ఆగింది.

"అన్నా, ఒక్కసారి తలుపు తీయవా? లోపల ఒకాయనకు ఒక మాట చెప్పి వస్తాను."

"బయటికొచ్చినవాళ్లు మళ్లీ లోపలికి పోకూడదమ్మా. అది కూడా ఉత్తర్వే."

ఆమె తాళం వంక చూసింది. "ఇంతమందికి దారి చూపించాడు. పాపం, ఆయనకు పనికొచ్చే పేరా ఒక్కటీ లేదా?"

"ఆ గోడ దగ్గరుండే ఆయనా? ఆయన్ను ఎవరాపారమ్మా! గేటు పడిన రోజే తనకు వర్తించే పేరా చెప్పి ముద్ర వేయించుకున్నాడు, పంపించేద్దామని ఈ తలుపు దాకా తీసుకొచ్చాను. మీకు ఆ నోటీసు విప్పి చెప్పే దిక్కు లేదని, గడప దాటకుండానే వెనక్కి వెళ్లిపోయాడు."