వానపాముల ఓటు

...ముక్కు లేదు, కళ్ళు లేవు, అయినా ఏ మట్టి తనకి పడదో వానపాముకి చర్మంతోనే తెలిసిపోతుంది. తెలిశాక ఆలోచించదు, పోతుంది. లేబొరేటరీలో పరీక్షలు చేసే వాల్దీర్‌కి అన్నీ ఉన్నాయి. అయినా పొద్దుటి నుంచి ఒక్క వాక్యాన్ని నోట్లోనే పెట్టుకుని నిలబడ్డాడు.

"మూత తీయండి డాక్టరు గారూ. ఓట్లు లెక్కపెట్టుకుందాం," అన్నాడు క్లేబర్, సొరకాయ బుర్రలోంచి గొట్టంతో మాటె ఆకు కషాయం పీలుస్తూ.

క్లేబర్ పురుగుమందుల కంపెనీ మనిషి. సోయా విత్తనాలకు పట్టించే కొత్త మందు వానపాముల్ని ఏమీ చేయదని ఈ లేబొరేటరీ సంతకం పెడితే చాలు, అలెగ్రెచి ఊరి వైపు ఇసుక నేలలన్నిటా అది దిగుతుంది. పెట్టకపోతే కంపెనీ ఇంకో లేబొరేటరీని చూసుకుంటుంది, లేబొరేటరీ ఇంకో వాల్దీర్‌ని చూసుకుంటుంది.

పరీక్ష సులువే. పెట్టెలో ఒక సగం మందు కలిపిన మట్టి, ఒక సగం కలపని మట్టి, మధ్య గీత మీద వానపాములు. రెండు రోజుల్లో అవి ఎటు చేరాయో చూడడమే. రెండు వైపులా మట్టి ఒకటే ఉండాలి. క్లేబర్ మాత్రం రెండు బస్తాలు మోసుకొచ్చాడు. మందు వైపుకి ఆకులు కుళ్ళిన నల్లమట్టి, మందు లేని వైపుకి ఏటి ఇసుక. పాపం, శ్రమ అనుకోకుండా చీటీలు కూడా తనే అంటించి, కలపాల్సిన మందు సీసా వాల్దీర్ చేతికిచ్చి వెళ్ళాడు.

"మట్టి వేరైతే ఎలాగండీ," అని ఆ రోజే గొణిగాడు వాల్దీర్. "నల్లమట్టి మందుని పట్టి ఉంచేస్తుంది. రైతు ఇసుకలో అదే మందు తిన్నగా వానపాము ఒంటికి అంటుతుంది."

"మట్టి మట్టేనండీ. మీరు మరీ ఎక్కువ చదివేశారు," అన్నాడు క్లేబర్. లేబొరేటరీ డైరెక్టరు దోనా ఇవోని నవ్వింది. నోరు మూసుకోమనడానికి ఆవిడ అలాగే నవ్వుతుంది.

ఇప్పుడూ ఆవిడ పక్కనే ఉంది. వాల్దీర్ మధ్యలో అట్ట దింపి, రెండు వైపుల మట్టినీ పళ్ళేల్లోకి వంపాడు. ఇసుకలో ఒక్క పురుగూ లేదు. అన్నీ 'మందు ఉంది' అన్న చీటీ వైపు, నల్లమట్టిలో, అత్తారింటికొచ్చిన అల్లుళ్ళలా హాయిగా పడుకుని ఉన్నాయి.

క్లేబర్ అప్పటికే ఫోను అందుకున్నాడు. "సార్, హాని లేకపోవడమే కాదు, ఎగబడ్డాయి సార్. మన మందంటే వీటికి ప్రాణం. వానపాములు కోరి ఎంచుకున్న మందు అని బస్తాల మీద వేయించేయండి."

"ఇంకా ఏం చూస్తావయ్యా, సంతకం పెట్టు," అంది దోనా ఇవోని. "పురుగులకున్న పాటి తెలివి నీకు లేకపోయె."

క్లేబర్ మాటె బుర్రలో వేడినీళ్ళు పోసి వాల్దీర్‌కి అందించాడు. వాల్దీర్ కాదనలేదు. ఎవరినీ ఎప్పుడూ కాదనలేదు. ఆఖరి చుక్కదాకా పీల్చి, బుర్ర తిరిగిచ్చి, కోటు జేబులోంచి మందు సీసా తీసి, సీలు చెక్కుచెదరని మూత క్లేబర్‌కి కనపడేలా బల్ల మీద పెట్టాడు.

"ఇప్పుడు కలపమంటారా?"