వాక్యానికి తోక

“బ్యాక్ అంటే వీపు గదా సార్?” బోర్డు ముందు సుద్దముక్కతో నిలబడి అడిగింది ఎస్తేరు.

జమ్మలమడుగు బడిలో పొద్దంతా పిల్లల మీద అరిచిన ఆనందయ్యకు, బడి వదిలాక ఈమెకు ఇంగ్లీషు చెప్పే ఓపిక లేదు. కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు.

“ఒంటిగా ఉంటే వీపే. కమ్ పక్కన చేరితే తిరిగి రావడం.”

“నాకు కనబడింది వీపే సార్. నా మొగుడు బొంబాయికి పోయేటప్పుడు ఒక్కసారన్నా మళ్లి చూడలే.”

ఆయన బోర్డు వైపు చెయ్యి ఊపాడు. “సరే, రాయమ్మా.”

‘వెన్ మై హస్బెండ్ కమ్స్ బ్యాక్’ అని రాసి ఆగిపోయింది.

“అది సగమే. మొగుడు వచ్చినప్పుడు ఏం జరుగుతాదో చెప్పాల. అదొక్కటే నిలబడదు.”

“పులివెందుల బడిలో నాకు టీచరు పని వచ్చింది గదా సార్. వాడు వచ్చినాక పోదువులే అంటాంది మా యత్త.”

“అదే రాయి. ఇంగ్లీషులో అసలు మాట ముందే చెప్పేయొచ్చు. మన మాదిరి చివరిదాకా కాచుకోనక్కర్లేదు.”

ఎస్తేరు ఆ సగం తుడిచి మళ్లీ రాసింది. ‘ఐ విల్ గో టు పులివెందుల వెన్ మై హస్బెండ్ కమ్స్ బ్యాక్.’

“తప్పుల్లేవు” అన్నాడు ఆనందయ్య కళ్లు మూసుకుంటూ.

“వెన్ కాడ్నుంచి అంతా తీసేస్తే, ముందరిది నిలబడతాదా సార్?”

“ఎందుకు నిలబడదూ? దానికి ఈ తోకతో...” అంటూనే కళ్లు తెరిచాడు.

ఎస్తేరు అప్పటికే తోకను కొంగుతో తుడిచేస్తోంది.

“చుక్క యాడ పెట్టాల సార్?”

ఆనందయ్య మెల్లగా కుర్చీలోంచి లేచాడు. పులివెందుల పక్కన వేలు పెట్టి చూపించాడు.

“ఈడ.”