కుక్కల రాయి

"డాక్టరమ్మా, ఈ వరసలో నేనూ నిలబడొచ్చా?"

తెల్ల చేమంతులు, ఒక అగరొత్తి పట్టుకొచ్చిన ఫుసాయెను చూసి షియోరి తడబడింది. ప్రయోగాల్లో చచ్చిపోయిన కుక్కల కోసం సెందాయ్ ఆసుపత్రి వెనక ఒక రాయి నిలబెట్టారు. ఏటా శరత్కాలంలో డాక్టర్లంతా దానికి దణ్ణం పెడతారు.

ఫుసాయె భర్త కాలికి కృత్రిమ రక్తనాళం వేసింది వీళ్ళే. అది పూడుకుపోయింది. ముందు కాలు పోయింది, ఆ వెనకే మనిషీ పోయాడు.

"ఇది కుక్కలకమ్మా," అంది షియోరి మెల్లగా.

"తెలుసు. ఆయనకంటే ముందు ఆ గొట్టం మోసినవి అవేనటగా. వాటికో దణ్ణం పెట్టి రమ్మన్నాడు, పోయే ముందు."

రాయి దగ్గర ప్రొఫెసర్ మామియా చేతులు జోడించి గొంతు పెంచాడు. "ఈ వసంతంలో గొట్టాలు పూడుకుపోయి మా ఆరు కుక్కలూ ప్రాణాలిచ్చాయి..."

ఫుసాయె చేతిలో చేమంతులు కిందికి వాలాయి.

"వసంతంలోనా? మా ఆయనకు ఆపరేషన్ చేసింది వానలు మొదలయ్యాక కదా! సంతకం పెట్టేముందు అడిగాడు, కుక్కలెలా ఉన్నాయని. మీరేమన్నారు?"

"...బాగున్నాయన్నాను."

"ఆ మాటకే మురిసిపోయాడు, పిచ్చి మనిషి."

ప్రొఫెసర్ వెనక్కి తిరిగి విసుక్కున్నాడు. "షియోరీ, నీ వంతొచ్చింది. కబుర్లు తర్వాత."

ఫుసాయె తన అగరొత్తిని షియోరి చేతిలో పెట్టింది. "వెళ్ళండి. మా ఆయన్నీ వాటిలో కలుపుకోండి. ఏం చెప్పుకుంటారో వింటాను."

షియోరి రాయి ముందు తల వంచింది. క్షమించమనడానికే నోరు తెరిచింది. కానీ ఏటా చెప్పి చెప్పి అలవాటైన మాటే బయటికొచ్చింది.

"మా కోసం ప్రాణాలిచ్చినందుకు కృతజ్ఞతలు."