ఊరి బావి, ప్రెసిడెంటు గోడ

"పంచాయతీ బావి మీ పెరట్లో ఉందేమిటండీ?" అన్నారు బందరు నుంచి తనిఖీకొచ్చిన ఆఫీసరు.

"బావి ఊరిదేనండీ. గోడ మాత్రం నాది," అన్నారు ప్రెసిడెంటు భీమేశ్వరరావు గారు మజ్జిగ అందిస్తూ.

పక్కనే నిలబడ్డ చిలకమ్మ కూడా పంచాయతీ మెంబరే. వేలిముద్రకు తప్ప ఆమెనెవరూ పిలవరు. ఆ మాట వినగానే వీధిలోకి పరుగెత్తింది.

"బావి మనదేనంట! ప్రెసిడెంటు గారే చెప్పారు. బిందెలు తెండే!"

ఇన్నాళ్ళూ కాలవ నీళ్ళు తాగిన చిలకమ్మ వాళ్ళ పేటంతా పెరట్లోకి వచ్చింది. ఆఫీసరు చూస్తున్నారు కాబట్టి ప్రెసిడెంటు గారు నవ్వుతూ తొలి చేద తానే తోడారు.

"ఆయన వెళ్ళగానే పెరటి తలుపు వేసేస్తాను," అని చిలకమ్మ చెవిలో గొణిగారు.

అప్పటికే ఆమె మొగుడు రత్తయ్య తలుపు ఊడదీసి భుజానికెత్తుకున్నాడు.

"గోడ మీదేనండీ," అంది చిలకమ్మ. "తలుపు సంగతి మీటింగులో తేల్చుకుందాం. ఈసారి నేనూ కూర్చుంటా."