బల్లల వరస

తలుపు పక్కనే ఉండాల్సిన బల్ల అక్కడ లేదు.

సైన్సు మాస్టారు చాచిన చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఇంకొంచెం ముందుకు జరిపి చూశారు. ఖాళీ.

బడికి ఆ ఏడాదికి అదే చివరి రోజు. ఏడో తరగతి పిల్లలు చేసిన నమూనాలన్నీ ల్యాబులో బల్లల మీద పెట్టారు. కాసేపట్లో ఇన్‌స్పెక్టరు వస్తారు. ఆయన్ని వెంటబెట్టుకుని, ఒక్కో బల్ల దగ్గరా ఆగి, ఇది ఫలానా అని మాస్టారే వివరించాలి. ఆ బడిలో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతది.

చూపున్న మాస్టారికి అదెంత పని. ఈ మాస్టారికి మాత్రం రెండేళ్లుగా కళ్ళు మసకబారుతూ వచ్చి, ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనడం లేదు. మనుషులంటే కదిలే మచ్చలు. ఈ సంగతి భార్యకీ కంటి డాక్టరుకీ తప్ప మూడో మనిషికి తెలియదు. సెలవుల్లో ఆపరేషను. అందాకా ఎలాగో నెట్టుకు రావాలి.

బయటపడితే ఏమవుతుందో ఆయనకి బాగా తెలుసు. ఇంతకు ముందు ఈ ల్యాబు చూసుకున్నాయన్ని చేతులు వణుకుతున్నాయని తెలిసిన వారానికే ఇంటికి పంపేశారు. "మంటలూ యాసిడ్లూ ఉండే గది. పిల్లలకేమన్నా అయితే ఎవరు జవాబు చెప్తారు?" అన్నారు హెడ్ మేడమ్. ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. అదే వచ్చిన చిక్కు.

అందుకే నిన్న సాయంత్రం పిల్లలు వెళ్ళాక బల్ల బల్లా తడిమి వరస కంఠస్థం చేశారు. ఊపిరితిత్తులు, చేతిపంపు, లోపల బల్బు వెలిగే అగ్నిపర్వతం, గాలిమర. అన్నం తింటూ కూడా అప్పజెప్పారు.

"చిన్నప్పుడు ఎక్కాలు ఇంత శ్రద్ధగా చదివుంటే ఈపాటికి పెద్ద ఆఫీసరయ్యేవారు," అంది భార్య. నవ్వబోయి నవ్వలేకపోయింది.

ఇప్పుడా వరస కాస్తా గంగలో కలిసింది.

వరండాలో అటెండరు చెప్పుల చప్పుడు వినిపించింది.

"బల్లలు ఎవరు జరిపారయ్యా?"

"నేను ముట్టుకోలేదు సార్. పొద్దున్నే తాళం తీసి గంట కొట్టడానికెళ్ళా. అయినా బాగానే ఉన్నాయిగా, చూడండి."

"చూస్తున్నాలే," అన్నారు మాస్టారు.

మళ్ళీ తడిమి చూసుకునే వ్యవధి లేదు. పిల్లలు బిలబిలా వచ్చి ఎవరి బల్ల వెనక వాళ్ళు నిలబడ్డారు. ఆ వెంటనే హెడ్ మేడమ్ గొంతు, పక్కనే ఓ కొత్త గొంతు. మాస్టారి పై ప్రాణాలు పైనే పోయాయి. కడుపునొప్పని చెప్పి జారుకుందామా అనుకున్నారు.

"పదండి మాస్టారూ, చూపించండి," అన్నారు ఇన్‌స్పెక్టరు.

మొదటి మచ్చ ముందు ఆగారు. ఊపిరితిత్తులేనా? కాకపోతే? ఒక్క తప్పు మాట నోట్లోంచి వస్తే ఉద్యోగం ఊడినట్టే. నోరు తెరిచారు.

"నమస్కారం సార్. ఇది చేతిపంపు. మా అన్నయ్య సైకిలు ట్యూబు కోసి చేశాను సార్, వాడికింకా తెలీదు."

పిచ్చుక. దాని పేరు అది కాదు గానీ, గుక్క తిప్పుకోకుండా వాగుతుందని బడంతా అలాగే పిలుస్తారు. అసలా సెక్షనంతా అంతే. ఏడాది పొడుగునా గొంతు చించుకున్నారు మాస్టారు. సంచులు దారిలో పెట్టొద్దంటే విన్నారు. అడక్కుండా మాట్లాడొద్దంటే వినలేదు, తను బోర్డు మీద రాస్తుంటే పైకి చదవొద్దంటే అసలే వినలేదు. ఇవాళ ఆ వినకపోవడమే మంచిదైంది.

"చూశారా, ఎంత గడుసో," అన్నారు మాస్టారు. పంపు నీళ్ళెలా తోడుతుందో వివరించారు.

రెండో బల్ల దగ్గర బండోడు "ఇవి ఊపిరితిత్తులు సార్" అని తనే అందుకున్నాడు. గోడవారకి చేరిన అగ్నిపర్వతం దగ్గర కవలలిద్దరూ పోటీపడి అరిచారు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"ఆ మూలనున్నదేమిటి?" ఉన్నట్టుండి అడిగారు ఇన్‌స్పెక్టరు.

మాస్టారు అటు తిరిగారు. అంతా పొగమంచు. ఈసారి పిల్లలెవరూ నోరు మెదపలేదు. మేడమ్ వాళ్ళని కళ్ళతోనే అదిలించి ఉంటారు. ఇక అయిపోయింది అనుకున్నారు. ఇంటికెళ్ళి భార్యకి ఏమని చెప్పాలో తోచలేదు.

కిర్రుమని చప్పుడైంది. నూనె వెయ్యరా అని వారం నుంచీ మొత్తుకుంటున్న ఇరుసు అది.

"గాలిమర," అన్నారు మాస్టారు. "గాలి వీస్తే దాని దీపం వెలుగుతుంది."

ఫ్యాను తిరగడం లేదనీ, కిటికీలు మూసే ఉన్నాయనీ అప్పుడాయనకి తట్టలేదు.

ఇన్‌స్పెక్టరు మెచ్చుకున్నారు. "పిల్లలు కాస్త వాగుడుకాయలు గానీ, మీ మాస్టారికి మంచి పట్టుందండీ," అన్నారు మేడమ్‌తో. ఇద్దరి అడుగులూ వరండాలో దూరమయ్యాయి.

బతుకు జీవుడా అని మాస్టారు స్టూలు మీద కూలబడ్డారు. గండం గడిచాక కోపం ముంచుకొచ్చింది.

"నన్నడక్కుండా ఆ బల్లలు జరిపిందెవర్రా?"

అరచేత్తో స్టూలు మీద చరిచారు.

"చెప్పండి. ఇవాళ నా ప్రాణం పోయినంత పనైంది."

పిచ్చుక దగ్గరికొచ్చింది. ఆ ఏడాదిలో మొదటిసారి దాని గొంతు సన్నగా పలికింది.

"మేమే సార్, అగ్నిపర్వతం నడిమధ్యలో ఉంటే దాని కరెంటు తీగ దారికి అడ్డం పడుతోంది, మీకు కనపడదు కదా, తట్టుకుని పడతారేమోనని పొద్దున్నే వచ్చి మార్చేశాం."