సగమైన బిల్లు

"నీ బిల్లు సగమెట్ల అయిందక్కా?"

ప్రభుదాస్ లోపలికి రాలేదు. రెండు కరెంటు బిల్లులు చేతిలో పట్టుకుని గడప అవతలే నిలబడ్డాడు. అతని వెనక బోయిగూడ సందు నిండా ఎండ. ఆ ఎండలో కరెంటు వాళ్ళ జీపు ఆగి ఉంది.

పుష్పమ్మ చేతికి అంటిన మినప్పిండి కొంగుకు తుడుచుకుంది. తనకేమీ తెలియదని చెప్పింది. చెప్పిన మాట ఆమెకే అబద్ధంలా వినిపించింది.

పక్క బేకరీ ప్రభుదాస్‌ది. ఆమె ఇంటికీ బేకరీకీ మధ్య ఒకటే గోడ. మూడు నెలల కిందట అతను బేకరీని మొత్తం బాగుచేయించాడు. ఎండను తిప్పికొట్టే తెల్ల రంగు పైకప్పుకు వేయించాడు. పగలు లైట్లు వేసే పని లేకుండా కప్పులో అద్దాలు పెట్టించాడు. బట్టీ వేడితోనే నీళ్ళు కాగేలా గొట్టాలు తిప్పించాడు. బల్బులు మార్చాడు, వెనక గదిలోని పాత ఫ్రీజర్లు మార్చాడు. ఇక బిల్లు సగమవుతుందని ఆ పనులు చేయించిన ఇంజనీరమ్మ లెక్కవేసి చూపించింది. తీరా చూస్తే తగ్గింది పిసరంత. ఒక్క బల్బయినా మార్చని పుష్పమ్మ బిల్లు మాత్రం సగమైంది. ఆ సంగతి పోయిన ఆదివారం అతని భార్య దేవకృపతో సంబరంగా చెప్పుకున్నది పుష్పమ్మే.

"ఖర్చు నాది, మిగులు నీది. కరెంటు గోడ దూకుతదా అక్కా?" అతను గొంతు పెంచలేదు. "ఆ రోజుల్ల మా డాడీ మీ ఇంటికి ఊరికే వైరింగ్ చేపిచ్చిండు. భద్రయ్యన్న తాన ఒక్క రూపాయి తీసుకోలే. దానికి బదులు ఇదా?"

పుష్పమ్మ బీరువా వైపు చూడకుండా ఉండటానికి తల వంచుకుంది.

బీరువా వెనక గోడలో ఒక నల్లటి వైరుంది. ఆమె ఇంటి మీటరు బోర్డు దగ్గర మొదలై గోడలోకి దూరి బేకరీ వైపు పోతుంది. పదకొండేళ్ళ కిందట ఆ వైరింగ్‌తో పాటు బేకరీ ఎలక్ట్రీషియన్ వేసిందే అది. ఏమిటని అడిగితే, దాన్ని ముట్టుకోవద్దని ఎలక్ట్రీషియన్ చెప్పాడన్నాడు ఆమె భర్త భద్రయ్య. ఆమె ముట్టుకోలేదు. భద్రయ్య పోయి నాలుగేళ్ళయింది. ఈ పొద్దున జీపు వస్తోందని వినగానే వైరు కనబడకుండా బీరువాను ఇంకో జానెడు జరిపింది.

జీపు దిగిన కరెంటు ఆఫీసరు రాఘవేందర్ చేతిలో కటింగ్ ప్లయరు, ఒక కాగితం ఉన్నాయి. చోరీ అని తేలితే ఇవాళే కనెక్షన్ తీసేస్తామనీ, కేసవుతుందనీ చెప్పాడు. పుష్పమ్మ ఫ్రిజ్‌లో పదిహేడు ఇళ్ళకు పోవలసిన దోసెల పిండి ఉంది. ఆమె బతుకు ఆ పిండి మీదే.

"పేరు?"

"పుష్పమ్మ."

"భర్త పేరు?"

సందులో మనుషులు మూగారు.

"ఆయన లేడు సారూ. చోరీ కాయితం మీద ఆయన పేరెందుకు?"

"రాయాలమ్మా. రూలు."

చెప్పింది. అతను రాసుకున్నాడు.

పరీక్ష తేలికే అన్నాడు రాఘవేందర్. బేకరీ మెయిన్ బంద్ చేస్తే ఈ ఇంట్లో ఏది ఆగితే అదే చోరీ. ప్రభుదాస్ సందులోంచే కేక వేశాడు. అవతల టక్కున చప్పుడైంది. బేకరీ బోర్డు ఆరిపోయింది. బట్టీ దగ్గరి ఫ్యాను నిలిచిపోయింది. పుష్పమ్మ కళ్ళు మూసుకుంది.

కళ్ళు తెరిచేసరికి నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఫ్రిజ్ నడుస్తోంది. గోడ అవతలి నుంచి, పడుకున్న జంతువు ఊపిరిలా ఎప్పుడూ వినిపించే గుర్రు వినిపిస్తోంది. ఆమెకు ఏడుపొచ్చింది. గండం గడిచిందనుకుంది.

రాఘవేందర్ కదలలేదు. చెవి గోడకు ఆనించి కాసేపు విన్నాడు. తర్వాత బీరువా వైపు చూశాడు.

"దీన్ని జెర జరుపుండ్రి."

ఇద్దరు మనుషులు బీరువాను పక్కకు లాగారు. బొటనవేలంత లావు నల్లటి వైరు బయటపడింది.

"చూసిండ్రా సార్?" అన్నాడు ప్రభుదాస్. మొదటిసారి గడప దాటి లోపలికి వచ్చాడు. "అందుకే చెప్పిన. అడుగు తియ్యనీకి భయపడే మనిషి లెక్క ఉంటదిగని, ఎన్నేండ్ల సంది నడుస్తున్నదో."

పుష్పమ్మ గోడనున్న భద్రయ్య ఫోటో వైపు చూడలేకపోయింది.

"అమ్మా, ఇప్పుడు మీ మెయిన్ బంద్ చేయుండ్రి," అన్నాడు రాఘవేందర్.

పిండి ఎండి బిగుసుకుపోయిన వేళ్ళతో ఆమె మెయిన్ కిందికి లాగింది. ఫ్యాను నెమ్మదించి ఆగింది. ఫ్రిజ్ ఆగింది. గోడ అవతల, పదకొండేళ్ళుగా రాత్రీ పగలూ వినిపించిన ఆ గుర్రు ఒక్కసారి దగ్గినట్టు కదిలి, ఆగిపోయింది. వెనక గదిలో కొత్త ఫ్రీజర్లు రెండూ బందైనయ్ సార్ అని బేకరీలోంచి ఎవరో చెప్పడం అందరికీ వినిపించింది.

రాఘవేందర్ కాగితం మీద భద్రయ్య పేరును అడ్డంగా కొట్టేసి, ప్రభుదాస్ వైపు తిరిగాడు.

"మీ పేరు కంప్లెయింట్‌ల ఉన్నది సార్. తండ్రి పేరు చెప్పుండ్రి."