హస్తవాసి

"నొప్పి భరించలేక గోధుమ మానేసి ఏడాది కావస్తోంది. ఇప్పుడు మళ్ళీ తినమంటారేమిటండీ?" కోడలి చెయ్యి తెలియకుండానే కడుపు మీదికి పోయింది.

"రెండు నెలలు రోజూ తినాలమ్మా," అన్నాడు డాక్టరు. "తింటూ ఉంటేనే ఆనవాలు రక్తంలో దొరుకుతుంది. మానేసి పరీక్షకొస్తే జబ్బున్నా లేదనే వస్తుంది. ఉందని తేలిందా, ఇక జన్మలో ముట్టుకోనక్కర్లేదు."

ఆ చివరి మాట ఒక్కటీ పట్టుకుని ఆమె ఇంటికొచ్చింది. కాగితం మీద జబ్బని పడితే ఇంట్లో ఎవరూ నోరెత్తరు. అత్తగారు మాత్రం అంతవరకూ ఆగే మనిషి కాదు.

"రొట్టెల కొట్టువాడి పెళ్ళానికే గోధుమ పడదంటే, ఇక ఆ రొట్టెలు కొనేదెవరే? అన్నీ వేషాలు!"

"నువ్వు నోరు ముయ్యమ్మా!" కసిరాడు కొడుకు. తల్లికి ఎదురు చెప్పడం అదే మొదలు. పెళ్ళాం వైపు తిరిగి, "నీ రొట్టె నేనే విడిగా చేసి పెడతాను. పరీక్షయ్యేదాకా ఓర్చుకో," అన్నాడు.

ఆమెకు ఏడుపొచ్చింది. తన నొప్పిని నొప్పని నమ్మిన మనిషి ఇన్నాళ్ళకు దొరికాడు.

అన్నమాట తప్పలేదు. రోజూ పొద్దున్నే బెల్లం వేసి, ఎర్రగా కాల్చి, వేడివేడిగా పళ్ళెంలో తెచ్చేవాడు. ముక్క మిగలకుండా తినేదాకా పక్కనే కూర్చునేవాడు.

"పొడిపొడిగా రాలిపోతోందేమిటండీ?"

"కాస్త ఎక్కువ కాలిందిలే. తిను."

ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తినేది. చిత్రం, ఒక్కరోజు కూడా నొప్పి రాలేదు.

పరీక్ష కాగితం చూసి డాక్టరు కళ్ళజోడు సర్దుకున్నాడు. "జబ్బు లేదే! రోజూ తిన్నారా?"

"నా చేత్తో నేనే పెట్టానండీ," అన్నాడు మొగుడు.

"నొప్పి?"

"అస్సలు లేదండీ," అంది ఆమె.

"అయితే నాదే పొరపాటు. ఇక నిక్షేపంగా తినండి."

బయటికి రాగానే ఆమె మొగుడి చెయ్యి కళ్ళకద్దుకుంది. "ఆ డాక్టరు కన్నా మీ హస్తవాసే మంచిదండీ!"

ఇంటికొచ్చి, కూనిరాగం తీస్తూ స్నానానికి వెళ్ళింది. నీళ్ళ చప్పుడు మొదలయ్యాక అత్తగారు వంటింట్లోంచి తొంగిచూసి, గొంతు తగ్గించింది.

"బియ్యప్పిండి అడుగంటింది. మళ్ళీ పట్టించనా?"

"ఇంకెందుకమ్మా? రేపట్నుంచి గోధుమే."